అక్రోటు నీడన పందిముల్లంగి

ఆ ఊళ్ళో అక్రోటు చెట్టు కింద ఎవరూ కునుకు తియ్యరు. తీస్తే తల దిమ్మెక్కి లేస్తారని పెద్దవాళ్ళంటారు. అసలు లేవనే లేవరని నాజిఫే అంటుంది. ఏ మాటకైనా చివర ఒక చావు తగిలిస్తే గానీ ఆమెకు మాట పూర్తయినట్టుండదని మొగుడు బెకిర్ నవ్వుతాడు. నవ్వడానికేం? బొడ్డు ఊడకముందే ఇద్దరు పిల్లల్ని మట్టికిచ్చిన తల్లికి భయం కాక ఇంకేం మిగులుతుంది? మూడోసారి ఆడపిల్ల పుడితే దుర్సునే అని పేరు పెట్టుకున్నారు. నిలిచి ఉండమని దానర్థం. నిలిచింది. నిలవడమే కాదు, మేకపిల్లలా గోడలెక్కింది, చెట్లెక్కింది, తల్లి గుండెల మీదెక్కి తొక్కింది. ఇప్పుడు పెళ్ళీడు పిల్ల. అయినా అది గుమ్మం దాటిన ప్రతిసారీ నాజిఫే చెవి తమ్మె లాక్కుని, తలుపు చెక్క మీద వేలిముడుకులతో కొట్టి, కీడు పోనీ అనుకుంటుంది. ఆ తలుపు ఆ దెబ్బలకే ఒకచోట నున్నబడింది.

అలాంటి నాజిఫే, భూమ్మీద ఇంకెక్కడా జాగా లేనట్టు, పెరట్లో అక్రోటు నీడలోనే తోట వేసింది. పోనీ ఏ పుదీనాయో వేసిందా అంటే అదీ కాదు. పందిముల్లంగి.

వేసవంతా ఎండి పడున్న కొండమీద తొలి వాన పడ్డాక, ఆకన్నది రాకముందే నేలలోంచి గులాబిరంగు పువ్వు లేస్తుంది. జడిసిన కుందేలు చెవుల్లా రేకులన్నీ వెనక్కి విరుచుకుని ఉంటాయి. దాని కింద మట్టిలో బిళ్ళలాంటి దుంప. అడవిపందులు ముట్టెతో పెళ్ళగించి తింటాయి కనక ఊళ్ళో దానికా పేరు. పట్నంవాళ్ళు సైక్లమెన్ అని ముద్దుగా పిలిచి కుండీల్లో పెట్టుకుంటారట. ఆ దుంపల కోసం ఏటేటా కింద మైదానం నుంచి వర్తకుడు లారీ వేసుకొస్తాడు. ఊరంతా పలుగులు పట్టుకుని కొండెక్కుతుంది.

ఎక్కడానికి ఊరి కట్టుబాటు ఒకటి ఉంది. కప్పు మీద పొగ లేచే ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి వెళ్ళాలి. దాన్ని పొగవంతు అంటారు. మనిషిని పంపని ఇంటికి మరుసటేడు కొండమీద హక్కు లేదు. కట్టెలూ లేవు, మేకల మేతా లేదు. తాతల నాటి కట్టు. అప్పట్లో దుంపలు ఊరి వెనకాలే దొరికేవి. ఏడాదికింత తవ్వుకుంటూ పోతే కింది వాలు గుల్లయింది, తర్వాత మధ్య వాలు. ఇప్పుడు కొండ కొమ్మున నిటారుగా ఉన్న గద్దరాయి మీద, నడుముకి తాళ్ళు కట్టుకుని వేలాడి తవ్వుతున్నారు. బెకిర్ పడింది అక్కడే. తలుపు ఊడదీసి దాని మీద పడుకోబెట్టి దించారు. తుంటి అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. అప్పటి నుంచి పొయ్యి పక్కన కూచుని చెక్క గరిటెలు చెక్కుతాడు. ఇంటి పొగవంతు నాజిఫే మోసింది. కళ్ళు మూసుకుని ఎక్కేది, దిగాక తెరిచేది.

ఈ ఏడు వేసవి చివర్లో తవ్వకం పెద్ద రుస్తెం ఇంటికొచ్చాడు. బెకిర్‌కి పినతండ్రి కొడుకు. మీసం పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది. టీ గ్లాసు అందుకుని, చక్కెర పలుకు బుగ్గన పెట్టుకుని, అసలు సంగతికొచ్చాడు.

"వదినా, ఏమీ అనుకోకు. నువ్వు తెచ్చేది అరబస్తా. నిన్ను దించడానికి నాకు ఇద్దరు మనుషులు కావాలి. పోయినేడు సగం కొండ మీద కూచుని ప్రార్థన మొదలెట్టావు."

"ప్రార్థన చెయ్యబట్టే మీరంతా బతికి దిగారు."

"అయితే ఈసారి ఇంటి దగ్గరే చేసుకో. పిల్లని పంపు."

దుర్సునే అటు వాకిట్లో రొట్టెలపిండి పిసుకుతూ అంతా వింటోంది. "నేనెళ్తాను బాబాయ్, నాకేం భయం లేదు" అంది అక్కణ్ణుంచే.

"నీకు లేదే, ఆ భాగం కూడా నాకే పెట్టాడు దేవుడు, నోర్ముయ్!" అంది నాజిఫే. అని రుస్తెం వైపు తిరిగింది. ఆమె కళ్ళ ముందు అప్పటికే తాడు తెగిపోయింది, తలుపు ఊడదీశారు, తలుపు మీద పడుకున్నది బెకిర్ కాదు. "నా కూతురు గద్దరాయి ఎక్కదు. నేనూ ఎక్కను. మా ఇంటి పొగవంతు మా పెరట్లోనే ఉంది."

రుస్తెం వెనక్కి వంగి అక్రోటు చెట్టు కేసి చూశాడు. నల్లటి నీడ, నీడలో బోడి నేల. గడ్డిపరక లేదు.

"అక్కడా? అక్కడ దయ్యాలు కూడా మొలవవు వదినా."

పొయ్యి పక్కనుంచి అత్తగారు కెజిబాన్ పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది. "చెప్పు నాయనా, చెప్పు. నా మాట వినదు. ఊరంతా తిండి తింటుంటే నా కోడలు మట్టికి జోల పాడుతోంది."

నిజానికి ఆ తోట పుట్టడంలో ముసలిదాని చెయ్యి ఉంది. బెకిర్ పడ్డ మరుసటేడు, ఎండాకాలం మొదట్లో, నాజిఫే కొండ అంచున పందిముల్లంగి కాయలు ఏరింది. పువ్వు రాలాక దాని కాడ స్ప్రింగులా చుట్టుకుని కాయని నేలకి లాక్కుంటుంది, అదేదో కోడి పిల్లని రెక్క కింద దాచుకున్నట్టు. కాయ పగిలితే లోపల జిగురు జిగురుగా తియ్యటి గింజలు. ఆ తీపి కోసం చీమలు మనకన్నా ముందే లైను కడతాయి. పాత మేజోళ్ళు కత్తిరించి కాయలకి తొడిగి, చీమలతో పోటీపడి తెచ్చింది. పెరుగు డబ్బాల్లో మట్టి పోసి, గింజలు పైన చల్లి, ఎండ తగలాలి కదా అని కిటికీలో పెట్టింది. పసిపిల్లల్ని చూసినట్టు రోజుకి పదిసార్లు చూసింది. ఒక్కటీ మొలవలేదు. కిటికీకి వెలుతురు రాకుండా అడ్డం పెట్టావని కెజిబాన్ విసుక్కుని, డబ్బాలన్నీ పట్టుకెళ్ళి అక్రోటు కింద గుమ్మరించింది. ఆకులు రాలి దాన్ని కప్పేశాయి. శీతాకాలం ముందు నాజిఫే ఆకులు ఊడవబోతే, చీకట్లో, తేమలో, గోరంత ఆకులు ఒక్కొక్కటే తల ఎత్తి ఉన్నాయి. పిచ్చిది, ఇన్నాళ్ళూ వెలుగు చూపించి చంపుకుంది. వాటికి కావాల్సింది చీకటి.

ఆ తర్వాతి వేసవిలో ఇంకో తప్పు చేసింది. ఎండలు ముదరగానే ఆకులన్నీ వాడి మాయమయ్యాయి. చచ్చిపోయాయనుకుని గుండె బాదుకుని, బిందెలు బిందెలు నీళ్ళు పోసింది. ఉన్నాయో లేవోనని గోళ్ళతో మట్టి గీకి చూసింది. చూసినవాటిని మళ్ళీ పూడ్చింది, మళ్ళీ చూసింది. నిద్రపోయే వాటిని కదిపితే ఊరుకుంటాయా? సగం దుంపలు కుళ్ళి గుజ్జయ్యాయి. ఆ గుజ్జు వేళ్ళకంటుకున్న రోజున ఆమె అన్నం తినలేదు. ఈ వేసవిలో మాత్రం చేతులు కట్టేసుకున్నట్టే ఉంది. నీళ్ళ బిందెతో ఆ పక్కకి పోతే దారి మార్చుకుని వచ్చేది. బతికున్నాయో లేవో ఆమెకీ తెలీదు. పైకి మాత్రం ఆ బోడి నేలని చూపించి 'అదే మా వంతు' అంది.

"సరే," అన్నాడు రుస్తెం, గ్లాసు బోర్లించి. "ఒక్క దుంప చూపించు. నమ్ముతా." లేచి వెళ్ళి, వాకిట్లో ఆనించిన పలుగు తీసుకుని అక్రోటు వైపు నడిచాడు.

ఇంట్లోవాళ్ళకి ఆ తర్వాత కూడా నమ్మకం కలగని పని నాజిఫే అప్పుడు చేసింది. పరుగున పోయి, ఆయన కన్నా ముందు ఆ నీడలోకి దూరి, బోడి నేల అంచున చతికిలబడింది. మిట్టమధ్యాహ్నం. అక్రోటు చెట్టు కింద.

"వదినా, లే."

"లేవను."

"ఒక్క పోటు. అంతే."

"మీ ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు లోపల మగపిల్లాడో ఆడపిల్లో ఒక్క పోటు పొడిచి చూశావా?"

దుర్సునే ఫక్కున నవ్వి పిండి చేతుల్తో నోరు మూసుకుంది. రుస్తెం మీసం కింద ఎర్రబడ్డాడు. "చూపించడానికి ఏమీ లేదు కాబట్టే చూపించట్లేదు."

"ఏమీ లేకపోతే నీకు పొడవడం ఎందుకు?"

ఆయన పలుగు గోడకి ఆనించాడు. పెద్దమనిషి తీర్పులా చెప్పాడు: "తొలి వానల తర్వాత చివరి విడత గద్దరాయికి పోతాం. ఆ పొద్దున ఇటొస్తా. ఇక్కడ పందిముల్లంగి కనపడిందా, సరే. కనపడలేదా, నీ కూతురు నా వెనక తాడు పట్టుకుని నడుస్తుంది. ఒప్పుకో."

ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది? ఆయన వెళ్ళాక కూడా చాలాసేపు అక్కడే కూచుంది. తల దిమ్మెక్కలేదు. కాళ్ళు మాత్రం తిమ్మిరెక్కాయి. అది చావుకి మొదటి గుర్తేమోనని భయపడి లేచి, కీడు పోవాలని ముమ్మారు ఊది, లోపలికొచ్చింది.

వానలు ఆలస్యమయ్యాయి. ఆలస్యమైతే పందెం కూడా ఆలస్యమవుతుందిలే అని బెకిర్ ఓదార్చాడు. కానీ నాజిఫేకి ఓదార్పు దొరికితే దాంట్లోనూ రాయి ఏరుతుంది. ఆలస్యమైన వాన ఒక్కసారిగా పడుతుంది, మట్టి కోసుకుపోతుంది, దుంపలు వాగులో పడతాయి, గద్దరాయి జారుడు బండవుతుంది. దుర్సునే మాత్రం అటకమీంచి తండ్రి మేకుల బూట్లు దించి, కొవ్వు రాసి మెత్తబరుస్తోంది.

"అవెందుకే?"

"నీ పువ్వులు రాకపోతే చెప్పులేసుకుని ఎక్కమంటావా?"

"రాకపోతే అనకు!"

"నువ్వు రోజూ అంటావుగా అమ్మా, రాకపోతే, పోకపోతే, చావకపోతే..."

"నేనంటే వేరు. నేనంటే జరగదు. నువ్వంటే జరుగుతుంది." ఆ లెక్క ఏమిటో ఆమెకే తెలీదు. బూట్లు లాక్కుని పొయ్యి వెనక పడేసింది. మర్నాడు చూస్తే అవి మళ్ళీ గుమ్మం దగ్గరే ఉన్నాయి, మరింత నిగనిగలాడుతూ.

చివరికి వాన పడింది. మట్టి కోసుకుపోయేలా కాదు, మెల్లగా, రెండు పొద్దులు, ఎవరో జల్లెడ పట్టినట్టు. ఆ రెండు పొద్దులూ నాజిఫే చేతులు దురద పెట్టాయి. ఒక్కటే, అంచున ఉన్న ఒక్క దుంప, గోటితో కొంచెం గీకి చూస్తే ఏం పోతుంది? చెట్టు దాకా వెళ్ళింది. మోకాళ్ళ మీద కూచుంది. వేలు మట్టి మీద ఆనించింది. పోయినేటి గుజ్జు గుర్తొచ్చింది. లేచి, కొంగుతో వేలు తుడుచుకుని, అత్తగారి ఊలు తీసుకొచ్చి వడకడానికి కూచుంది. చేతులకి పని ఉంటే బుద్ధి ఉంటుంది.

అది జరిగిన కొన్నాళ్ళకి కెజిబాన్ పొద్దున్నే టీ కోసం అరిచింది. "గ్లాసులేవే? ఇంట్లో గ్లాసులన్నీ ఏమయ్యాయి? పోలీసులెత్తుకెళ్ళారా?"

ముసలిది కర్ర పట్టుకుని గ్లాసులు వెతుక్కుంటూ పెరట్లోకొచ్చింది. అక్రోటు కింద, రాలిన ఆకుల మధ్య, టీ గ్లాసులు బోర్లించి ఉన్నాయి. ప్రతి గ్లాసులోనూ ఒక సన్నటి కాడ, కాడ చివర తల వంచుకున్న మొగ్గ. కొన్నిటికి గ్లాసు చాలక పెరుగు డబ్బాలు. ఇంకా గ్లాసు దక్కనివి అక్కడక్కడా. నాజిఫే వాటి మధ్య గొంతుక్కూచుని, కోళ్ళని అదిలిస్తూ, కళ్ళు తుడుచుకుంటూ ఉంది.

"ఎన్నాళ్ళ నుంచే?"

"గట్టిగా అరవకు అత్తా. దిష్టి తగులుతుంది."

కెజిబాన్ కర్ర మీద వంగి గ్లాసులు ఒక్కొక్కటే చూసింది. "నేను డబ్బాలు విసిరేస్తేనే కదా మొలిచాయి," అంది.

"నువ్వే విసిరేశావు అత్తా. నీ చెయ్యి చల్లని చెయ్యి."

"ఊఁ. మరి నా గ్లాసు ఒక్కటి ఇలా తే. టీ లేకపోతే నేనూ రాలిపోతా."

చివరి విడత పొద్దున రుస్తెం తన మనుషులతో వచ్చాడు. తాళ్ళు, పలుగులు, ఖాళీ బస్తాలు. వాళ్ళలో కొత్తగా ఆయన కొడుకు కద్రీ కూడా ఉన్నాడు. మీసం ఇంకా మొలవాలా వద్దా అని ఆలోచిస్తున్న వయసు. దుర్సునే మేకుల బూట్లు తొడుక్కుని గుమ్మంలో నిలబడింది, తల్లి ఎంత తిట్టినా విప్పకుండా. గ్లాసులు తీసేశారు. అక్రోటు నీడ నిండా గులాబిరంగు చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

మనుషులు గుసగుసలాడుకున్నారు. ఒకడు ఈల వేశాడు. రుస్తెం గబుక్కున వంగి, నాజిఫే అడ్డం వచ్చేలోపే, ఒక పువ్వు మొదట్లో రెండు వేళ్ళు దూర్చి పైకి లాగాడు. అరచేతిలో పెట్టి అందరికీ చూపించాడు. దుంప శనగగింజకన్నా కాస్త పెద్దది.

"పువ్వుంది, ఒప్పుకున్నా," అన్నాడు. "దీన్ని నేను వర్తకుడికి ఎలా ఇవ్వను? వాడికి అరచెయ్యంత దుంప కావాలి. మీ ఇంటి వంతు బస్తా నిండాలంటే ఇంకో పదేళ్ళు పట్టుద్ది. వదినా, పందెం నువ్వు గెలిచావు, బస్తా మాత్రం గెలవలేదు. పిల్లా, పద."

ఇది నాజిఫే ఊహించలేదని కాదు. ప్రతి రోజూ ఊహించింది. అన్ని భయాలతో పాటు ఈ భయాన్నీ పడుకునే ముందు తలగడ కింద పెట్టుకుని పడుకుంది. అందుకేనేమో, తీరా అది ఎదురొచ్చి నిలబడేసరికి, పాత చుట్టాన్ని చూసినట్టనిపించింది. ఆయన చేతిలోంచి దుంప లాక్కుంది. మోకాళ్ళ మీద కూచుని, వేళ్ళతో గుంట చేసి, దాన్ని మళ్ళీ పాతింది. మట్టి నొక్కి లేచింది.

"బస్తా నింపడానికి కాదు నేను వీటిని పెంచింది. ఇవి తల్లులు. వీటిల్లో ఒక్కటి కూడా లారీ ఎక్కదు."

"మరి వంతు?"

"వంతంటే మనిషి. ఇంటికో మనిషి పని చెయ్యాలి. మా ఇంటి మనిషిని నేను. నా పని ఇదిగో. వచ్చే ఎండాకాలం వీటి గింజలు ఏరుతా. నువ్వు గుల్ల చేసిన కింది వాలు ఉంది చూడు, అక్కడ బండల నీడల్లో, దేవదారు చెట్ల కింద, ఆకు కప్పి నాటుతా. ప్రతి ఏడూ నాటుతా. నువ్వు తవ్విన చోటల్లా నేను నింపుకుంటూ వస్తా."

"నింపేలోపు నా జుట్టు తెల్లబడుద్ది!"

"పడనీ. తెల్లబడేదాకా బతకాలనే కదా ఈ గోలంతా." ఆమె కళ్ళు కద్రీ నడుముకున్న తాడు మీద ఆగాయి. "పిల్లాణ్ణి తాడుకి ముందు కడుతున్నావా రుస్తెం, వెనక కడుతున్నావా? బెకిర్‌ని ముందు కట్టారు. తేలిగ్గా ఉన్నాడని."

రుస్తెం కొడుకు వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి చాలా కష్టపడుతున్నాడని అందరికీ తెలుస్తోంది. "ఇది తాతల కట్టు. మార్చడానికి నువ్వెవరు?" అన్నాడు, ముందంత గట్టిగా కాదు.

"అది ఎవరూ కాదు," అని వెనకనుంచి కర్ర చప్పుడైంది. కెజిబాన్ వచ్చి నిలబడింది. "పొగగొట్టం నాది. నా మొగుడు కట్టించాడు, నేను మసి తుడుస్తున్నా. ఏ ఇంటి పొగకైనా ఎవరు పోవాలో ఆ ఇంటి పెద్ద చెప్పాలనేది కూడా తాతల కట్టే. నీకు గుర్తు లేకపోతే మీ అమ్మనడుగు. నేను చెబుతున్నా, మా పొగకి నా కోడలే పోతుంది. ఎక్కడికంటే, ఇక్కడికి. అక్రోటు కిందికి. కాదంటావా, నేనే వస్తా గద్దరాయికి. నన్ను తాడుకి కట్టు. ముందు కడతావో వెనక కడతావో నీ ఇష్టం. నేను కూడా తేలిగ్గానే ఉన్నా."

మనుషులు ఒక్కసారి ఘొల్లుమన్నారు. ఈల వేసినవాడు పలుగు వదిలేసి మరీ నవ్వాడు. "తీసుకెళ్దాం రుస్తెం, ముసలమ్మ పందుల్ని కర్రతో కొట్టి తోలుద్ది!" అని ఎవడో అన్నాడు. రుస్తెంకి నవ్వు రాలేదు. ఆ కట్టు నిజమే. తవ్వకానికి ఎవరూ దాన్ని వాడుకోలేదు, అంతే.

బెకిర్ గుమ్మంలోకొచ్చి, వంకర తుంటి మీద బరువు మార్చుకుంటూ నిలబడ్డాడు. "తమ్ముడూ," అన్నాడు మెల్లగా, "వాన తడి ఇంకా ఆరలేదు. ఈ పూట రాయి జారుద్ది. టీ తాగి పొండి."

రుస్తెం టీకి ఆగలేదు. అయితే గద్దరాయి దారి కాకుండా మధ్య వాలు దారి పట్టాడు. ఈ ఏటికి అక్కడ మిగిలిందేదో చూద్దామన్నాడు, మరెవరితోనో అన్నట్టు. కద్రీ తాడు విప్పి భుజాన వేసుకుంటుంటే వద్దనలేదు. పోతూ పోతూ ఆగి, అక్రోటు కింద ఇంకోసారి వంగాడు. పువ్వు కేసి వేలు చాచాడు.

"ముట్టుకోకు," అంది నాజిఫే.

ఆయన వేలు వెనక్కి తీసుకుని, మీసం సవరించుకుని, వెళ్ళిపోయాడు.

దుర్సునే గుమ్మంలో కూచుని బూట్లు విప్పుకుంటోంది, కొంచెం ముఖం ముడుచుకుని. నాజిఫేకి అప్పటికే కొత్త భయాలు వరస కట్టాయి. మంచు పడుతుంది. కోళ్ళు పొడుస్తాయి. కట్టు సంగతి రుస్తెం ఊరి పెద్దలతో మాట్లాడి మార్పిస్తాడు. వచ్చే ఏడు మళ్ళీ వస్తాడు. రానీ. అప్పుడూ ఇదే మాట చెబుతుంది. ఈ లోపల చెయ్యాల్సింది చెయ్యాలి.

"దుర్సునే! ముళ్ళకంప తేవే, చుట్టూ దడి కడదాం. వాన పడింది, పందులొస్తాయి."

"ఏ పందులమ్మా? నాలుగు కాళ్ళవా, రెండు కాళ్ళవా?"

కొండ దారిలో ఇంకా కనిపిస్తున్న వీపుల్ని నాజిఫే చూసింది.

"రెండిటికీ సరిపోయేంత తే."